పిలిచిన పండక్కి వెళ్ళాలి: ట్రినిడాడ్ నుంచి ఒక మాట

మమ్మల్ని ఇక్కడికి పంపిన సంఘాల్లో ఒక పెద్దాయన ఉన్నారు. మా నాన్న వయసు. రోజూ మా పేర్లు పెట్టి ప్రార్థన చేసే మనిషి. దీపావళి రాత్రి మేం పక్కింటివాళ్ళతో కూర్చుని సొహారీ అనే పెద్ద ఆకులో భోంచేస్తున్న ఫోటో చూసి ఫోన్ చేశారు. "బాబూ, మిమ్మల్ని సువార్త పనికి పంపామా, పండగలు చేసుకోడానికి పంపామా?" అన్నారు. కోపంగా అనలేదు, బాధపడుతూ అన్నారు. ఇలాంటి ప్రశ్నే కొంచెం అటూ ఇటూగా చాలామంది అడుగుతున్నారు. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నా మాట సూటిగా చెప్పేస్తాను. ట్రినిడాడ్‌లాంటి దేశంలో పండగలకి దూరంగా ఉండే మిషనరీ ఇక్కడి మనుషులకే దూరంగా ఉంటాడు. ఇంకో అడుగు ముందుకేసి చెప్తున్నా, కొత్తగా వచ్చిన మిషనరీ మొదటి ఏడాదంతా ప్రసంగాలు చెయ్యకూడదు. క్యాలెండర్‌లో ఒక చుట్టు పూర్తయ్యేదాకా పిలిచిన చోటికల్లా వెళ్ళాలి, పెట్టింది తినాలి, పాడేది వినాలి. వాక్యం చెప్పడం ఆ తర్వాత మొదలుపెట్టాలి. మనం పంపే సంఘాలు దీన్ని ఖాళీగా కూర్చోవడం అనుకుంటున్నాయి, నాకు మాత్రం పని ఇక్కడే మొదలవుతుందని గట్టి నమ్మకం.

ఈ దేశం గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. వెనెజువెలా తీరానికి కనుచూపు దూరంలో ట్రినిడాడ్, దానికి ఈశాన్యంగా చిన్న దీవి టొబాగో, రెండూ కలిపి జనాభా 14 లక్షలు కూడా ఉండదు. 2011 జనాభా లెక్కల్లో కేథలిక్కులు ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ, హిందువులు సుమారు 18 శాతం, పెంతెకొస్తు వాళ్ళు 12 శాతం, ముస్లింలు 5 శాతం, ఇంకా ఆంగ్లికన్లు, స్పిరిచువల్ బాప్టిస్టులు, ప్రెస్బిటేరియన్లు. గుడ్ ఫ్రైడేకి, దీపావళికి, రంజాన్‌కి దేశమంతటా సెలవే. మే 30 కూడా సెలవు. 1845లో ఆ రోజున ఫతేల్ రజాక్ అనే ఓడ మన దేశం నుంచి ఒప్పందం మీద పనిచేసే కూలీలని తీసుకుని ఇక్కడికి చేరింది. 1917లో ఆ పద్ధతి ఆగిపోయేలోపు లక్షా నలభై వేల మందికి పైగా చెరకు తోటల్లోకి వచ్చారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వచ్చిన బీహార్, యూపీ వాళ్ళు. మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్ళు తక్కువే, వాళ్ళలో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. నిప్పుల గుండం తొక్కడం లాంటివి "మద్రాసీల" ఆచారాలని ఇక్కడివాళ్ళు చెప్తుంటే వినడానికి ఎలా ఉంటుందో రాయలేను.

సరే, పండగల దగ్గరికి వస్తాను, ముందు టొబాగో హార్వెస్ట్. దీని గురించి నాకు ఎంత చెప్పినా తనివి తీరదు.

మన దగ్గర లూథరన్, సీఎస్ఐ సంఘాల్లో పెరిగినవాళ్ళకి కోతల పండుగ తెలుసు. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, అరటి గెలలు, బియ్యం బస్తాలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజు, ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో వేలంపాట, పోటీలు పడి పాడి గుమ్మడికాయకి పదింతల ధర కట్టే పెద్దమనుషులు. టొబాగోలో కూడా హార్వెస్ట్ అంటే ముందు చర్చే. యామ్ దుంపలు, చేమ, పచ్చి అరటి, చెరకు గడలు, కొబ్బరి బోండాలతో లోపలంతా అలంకరిస్తారు, పక్క ఊళ్ళ క్వయర్లు వచ్చి పాడతాయి, పిల్లలు పద్యాలు చెప్తారు. ఒక్కో ఊరికి ఒక్కో ఆదివారం. అసలు తేడా చర్చి అయిపోయాక తెలుస్తుంది. ఆ రోజు ఆ ఊళ్ళో ప్రతి ఇల్లూ వండుతుంది, చుట్టాలకే కాదు, ఎవరొస్తే వాళ్ళకి. ముక్కూ మొహం తెలియని మనిషి గేటు తీసుకుని లోపలికి వెళ్తే "కూర్చో, ఏం తింటావ్" అంటారు తప్ప ఎవరివని అడగరు. పీతల కూర, డంప్లింగులు, మేక మాంసం, ఇంట్లో కాల్చిన బ్రెడ్డు, అల్లం బీరు, నువ్వుల ఉండలు. ఒక ఇంట్లో కొంచెం తిని లేచి పక్కింటికి వెళ్ళాలి, లేకపోతే పక్కింటివాళ్ళు నొచ్చుకుంటారు. మధ్యాహ్నం మొదలైంది రాత్రి దాకా సాగుతుంది, దీవికి అవతలి చివర నుంచి కూడా కార్లలో వస్తారు.

ఈ దీవికి 1790లో మొరావియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖకి చెందిన ఒక మిషనరీ జంట వచ్చింది, ఇద్దరూ ఎక్కువ కాలం బతకలేదు. తర్వాత వచ్చిన మొరావియన్లు, మెథడిస్టులు బానిసల మధ్య పని చేశారు. వాళ్ళు నాటింది ఇవాళ ఇలా ఉంది. బానిసగా ఉన్నప్పుడు తన కష్టం తనది కాదు, తన పంట తనది కాదు. ఆ మనుషుల మునిమనవలు పండినదాంట్లోంచి తీసి మొదట దేవుడి ముందు పెట్టి, తర్వాత దారిన పోయేవాడికి పెడుతున్నారు. ద్వితీయోపదేశకాండంలో కోతల పండగ గురించి చెప్పేటప్పుడు నీ ఇంట్లోవాళ్ళతో పాటు పరదేశి, తండ్రి లేనివాడు, విధవరాలు కూడా సంతోషించాలని ఉంటుంది. నేను ఆ భాగం మీద మన ఊళ్ళో ఎన్నోసార్లు వాక్యం చెప్పాను. దాన్ని ఒక ఊరు మొత్తం మామూలు విషయంలా చేసి చూపించడం మాత్రం ఇక్కడే చూశాను, అందులో ఆ పరదేశిని నేనే. అలాంటి ఊరికి వెళ్ళి మొదటి ఆదివారమే "మీకు నేను నేర్పిస్తాను" అని మైకు పట్టుకుంటే ఎలా?

క్రిస్మస్ కాలంలో ఇంటింటికీ తిరిగి పాడే పరాంగ్ సంగతి కూడా చెప్పాలి. అక్టోబరు నుంచే మొదలవుతుంది, డిసెంబరులో పతాక స్థాయికి చేరుతుంది. పారామిన్ కొండల్లో, లోపినో, అరీమా వైపు బృందాలు క్వాత్రో అనే నాలుగు తీగల చిన్న గిటారు, చేతిలో గలగలలాడించే చాక్‌చాక్ పట్టుకుని రాత్రిపూట ఇంటింటికీ తిరుగుతాయి. ముందు గుమ్మం బయట నిలబడి తలుపు తియ్యమని అడిగే పాట, లోపలికి వచ్చాక మరియకు దేవదూత చెప్పిన శుభవార్త, యేసు పుట్టుక, చివర్న సెలవు తీసుకునే పాట. అంతా స్పానిష్‌లో, వెనెజువెలా నుంచి వచ్చిన సంప్రదాయం. పాడేవాళ్ళలో చాలామందికి ఆ భాష మాట్లాడటం రాదు, తాతల దగ్గర విని నేర్చుకున్నదే. పాడినవాళ్ళకి హామ్, పాస్టెల్ అనే మొక్కజొన్న పిండి వంటకం, సారెల్ అనే ఎర్రటి పానీయం ఇస్తారు, రమ్ము కూడా పోస్తారు, దాని దగ్గరే మనవాళ్ళకి చిక్కు. నేను రమ్ము తాగను, వద్దంటే సారెల్ ఇస్తారు, అంతటితో ఆ సమస్య అయిపోతుంది.

మన కోస్తా ఊళ్ళలో డిసెంబరు చలిలో క్యారల్స్ రౌండ్స్‌కి తిరిగిన ప్రతివాడికీ ఇది ఇట్టే అర్థమవుతుంది. డప్పో, డోలకో, తబలాయో, పెట్రోమాక్స్ లైటు, తెల్లారేదాకా గుమ్మం గుమ్మానికీ పాట, టీ, కేకు ముక్క. మనది సువార్త, వాళ్ళది లోకసంబంధం అని ఎలా అంటాం? క్రీస్తు పుట్టుక కథ ఏ మిషనరీ అవసరం లేకుండానే ఈ కొండల్లో తరాల తరబడి ఇంటింటికీ తిరుగుతోంది. మొదటి డిసెంబరులో మా ఆవిడ చెప్పిన మాట ఇదే, "మనం తెచ్చామనుకున్నది మనకంటే ముందే వచ్చి కూర్చుంది."

డప్పు అన్నాను కదా, అక్కడ కాసేపు ఆగుతాను, ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

1834లో బానిసత్వం రద్దయింది, 1838 నాటికి పూర్తి విడుదల వచ్చింది. ఆ తర్వాత ట్రినిడాడ్ నల్లజాతివాళ్ళు కాగడాలతో, డోళ్ళతో కాన్‌బులే అనే ఊరేగింపు చేసేవాళ్ళు. ఇక్కడి పెద్ద వీధి పండగ కార్నివాల్‌కి వేళ్ళు అందులో కూడా ఉన్నాయి. 1881లో పోలీసులు దాన్ని అడ్డుకోబోతే పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో పెద్ద గొడవ జరిగింది. 1884లో చట్టం తెచ్చి డోళ్ళు, కాగడాలు ఆపేశారు. అదే ఏడాది అక్టోబరు 30న శాన్ ఫెర్నాండోలో మన కూలీలు మొహర్రం ఊరేగింపు తీస్తుంటే పోలీసులు కాల్పులు జరిపారు. దాన్ని ఇక్కడ హోసే అంటారు, హిందువులు కూడా అందులో నడిచేవాళ్ళు. చాలామంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. 1917లో స్పిరిచువల్ బాప్టిస్టుల మీద నిషేధం. గంటలు మోగించి, గొంతెత్తి పాడి, ఆత్మలో ఊగిపోతూ ఆరాధన చేసే పేద నల్లజాతి క్రైస్తవులు వాళ్ళు. వాళ్ళ ప్రార్థన నేరమైంది, పోలీసులు కూటాల మీద పడి అరెస్టులు చేశారు. 1951 మార్చి 30న ఆ చట్టం పోయింది, ఇప్పుడు మార్చి 30 జాతీయ సెలవు. మన ఉజ్జీవ కూటాల్లో చప్పట్లు, కేకలు, కన్నీళ్ళు చూసినవాళ్ళు ఒక్క నిమిషం ఆలోచించండి, ఆ చట్టం కింద మనలో ఎంతమంది జైల్లో ఉండేవాళ్ళం?

డోళ్ళు నిషేధిస్తే ఇక్కడివాళ్ళు వెదురు బొంగులు నేలకి కొట్టి తాళం వేశారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, ఆ తర్వాత నూనె పీపాలు. 1930లు, 40లలో పేట కుర్రాళ్ళు ఆ పీపాల మూతలని సుత్తితో కొట్టి స్వరాలు పలికించారు. అదే స్టీల్‌పాన్. మొదట్లో పాన్ వాయించేవాడంటే రౌడీ అనే పేరు, మర్యాదస్తుల ఇళ్ళలో పిల్లల్ని పాన్ సాధన చేసే పాన్‌యార్డ్ దరిదాపులకి వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. 1992లో అది దేశపు జాతీయ వాయిద్యమైంది. ఇప్పుడు చర్చిల్లో కీర్తనలకి పాన్ వాయిస్తున్నారు. మా సంఘంలో ఒక కుర్రాడు ఈస్టర్ ఉదయం ఆరాధనలో వాయిస్తే ముసలమ్మలు లేచి నిలబడి పాడారు.

మన దగ్గర ఏం జరిగింది? ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ద్వారా మాదిగలు వేల సంఖ్యలో క్రీస్తును నమ్ముకున్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నా ముత్తాతలు ఆ గాలిలో పుట్టినవాళ్ళే, ఆ మిషనరీల మీద నాకు ఎంతో కృతజ్ఞత ఉంది. చదువు, ఆసుపత్రి, తలెత్తుకుని నడవడం వాళ్ళ వల్లే వచ్చాయి. ఊరి జాతరలో ఇష్టం ఉన్నా లేకున్నా డప్పు కొట్టాలనే వెట్టిని మనవాళ్ళు కాదన్నారు, అది విడుదలే, అందులో నాకు సందేహం లేదు. కానీ వెట్టి పోవడంతో పాటు డప్పు కూడా పోయింది. చాలా చర్చిల్లో హార్మోనియం లోపలికి వచ్చింది, తబలా వచ్చింది, గిటారు, కీబోర్డు, డ్రమ్ సెట్టు కూడా వచ్చాయి. మన తాతల చేతిలోని డప్పు మాత్రం క్యారల్స్ రోజుల్లో వీధిలో మోగుతుంది తప్ప ఆదివారం గుమ్మం దాటి లోపలికి రాదు. వాళ్ళు వాయించిన చోటు మారాలి, నిజమే. వాళ్ళ వాయిద్యం ఏం పాపం చేసింది? ట్రినిడాడ్ పాన్‌ని చర్చిలోకి తెచ్చుకోడానికి దశాబ్దాలు పట్టింది, మనకి ఇంకా పడుతూనే ఉంది. ఈ చరిత్ర ఉన్న ఇంటి నుంచి వచ్చిన నేను, ఇంకొకరి దేశానికి వచ్చి, మీ వాయిద్యం వదిలెయ్యండి, మీ పండగ వదిలెయ్యండి అని మొదటి మాటగా చెప్పలేను. అది నా నోటికి రాదు.

ఇప్పుడు దీపావళి, పెద్దాయన అడిగింది దాని గురించే కాబట్టి.

1868లో కెనడాలోని నోవా స్కోషియా నుంచి జాన్ మోర్టన్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టరు భార్య సేరాతో ఇక్కడికి వచ్చారు. అంతకు ముందు ఆరోగ్యం కోసం ఒకసారి ఈ దీవికి వచ్చి, చెరకు తోటల్లో భారతీయులని చూసి, వీళ్ళని పట్టించుకునేవాళ్ళు లేరని తిరిగి వచ్చారు. హిందీ నేర్చుకున్నారు, బడులు పెట్టారు, హిందీ భజనల రూపంలో క్రైస్తవ పాటలు పాడించారు. 1870లో కెనెత్ గ్రాంట్ ఆయనకి తోడయ్యారు. శాన్ ఫెర్నాండోలో వాళ్ళు మొదలుపెట్టిన చర్చి పేరు ఇవాళ్టికీ సుసమాచార్. నపరీమా కాలేజీ, నపరీమా బాలికల హైస్కూలు ఆ మిషన్‌వే, హిందూ ముస్లిం పిల్లలు కూడా అక్కడ చదివి పైకొచ్చారు. ఆ పనిలో నాకు నచ్చనివి కూడా కొన్ని ఉన్నాయి, అది వేరే వ్యాసం. కానీ కూలీల భాష నేర్చుకుని, వాళ్ళ రాగంలో పాడాకే వాళ్ళ ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. దాన్ని ఎవరూ కాదనలేరు.

ఇక్కడ దీపావళికి టపాసుల కంటే దీపాలే ముఖ్యం. వెదురు చీల్చి, వంచి, వంపులుగా నిలబెట్టి వాటి మీద మట్టి ప్రమిదలు పెడతారు, వీధి వీధంతా వెలుగుతుంది. వారం పది రోజుల ముందు నుంచి మాంసం ముట్టరు. ఆ రోజు కులమతాలు చూడకుండా అందరినీ పిలుస్తారు, నల్లజాతి పొరుగువాళ్ళు కూడా వచ్చి పరాఠా, గుమ్మడికాయ కూర, శనగల కూర, పాయసం తిని వెళ్తారు. మేం వెళ్తాం. హారతి పట్టం, నైవేద్యం పెట్టిన ప్రసాదం తీసుకోం, ఈ సంగతి మొదటి ఏడే పక్కింటి ఆంటీకి చెప్పేశాం. ఆమె ఏమీ అనుకోలేదు, మాకు విడిగా వడ్డిస్తుంది, క్రిస్మస్‌కి మా ఇంట్లో చేసే పులిహోర కోసం పిల్లల్ని గిన్నె ఇచ్చి పంపిస్తుంది. పౌలు మొదటి కొరింథీ పదో అధ్యాయంలో చెప్పింది ఇంతకంటే వేరుగా ఉందా? అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, వెళ్ళాలనిపిస్తే వెళ్ళి వడ్డించింది తినమన్నాడు, ఇది బలి అర్పించినది అని ఎవరైనా చెప్తే మానమన్నాడు. మనవాళ్ళు రెండో మాట పట్టుకుని మొదటిదాన్ని చింపేశారు.

సిపారియా అనే ఊరుంది, దక్షిణాన. అక్కడి కేథలిక్కు చర్చిలో లా దివీనా పాస్తోరా అనే నల్లని మరియ విగ్రహం ఉంది. గుడ్ ఫ్రైడే ముందు రోజు రాత్రి నుంచి హిందువులు వేలల్లో వస్తారు, ఆమెని సిపారీ మాయి అంటారు, పసిపిల్లలకి పుట్టువెంట్రుకలు తీయిస్తారు, బియ్యం, నూనె, డబ్బులు సమర్పిస్తారు. గుణదలలో తలనీలాలు ఇచ్చేవాళ్ళని చూసిన బెజవాడ వాళ్ళకి ఇది కొత్తేం కాదు. ప్రొటెస్టెంట్‌గా విగ్రహం విషయంలో నాకు వేరే నమ్మకం ఉంది, దాన్ని దాచుకోను. కానీ ఆ చర్చివాళ్ళు తమకి సంవత్సరంలో అతి పవిత్రమైన రాత్రి వేరే మతంవాళ్ళకి గుమ్మం తెరిచి పెడుతున్నారు. అది నేను నేర్చుకోవాల్సిన పాఠం.

చివరికి కార్నివాల్. బూడిద బుధవారానికి ముందు సోమ మంగళవారాలు. అధికారికంగా సెలవు కాదు, కానీ దేశం మొత్తం ఆగిపోతుంది. సోమవారం తెల్లవారుజామున నాలుగు గంటలకి జూవే మొదలవుతుంది, ఒంటికి బురద, రంగు పూసుకుని వీధుల్లోకి వస్తారు. తాగుడు ఉంటుంది, ఒంటి మీద బట్టలు తక్కువ ఉంటాయి, అవి నాకు నచ్చవు, నచ్చినట్టు రాయను. ఇక్కడి సువార్త సంఘాలు చాలావరకు ఆ రోజుల్లో యువతని తీసుకుని క్యాంప్‌కి వెళ్ళిపోతాయి. క్యాంపు మంచిదే, మా పిల్లలు కూడా వెళ్తారు. నా అభ్యంతరం ఒక్కటే, పెద్దవాళ్ళం కూడా చర్చికి తాళం వేసి వెళ్ళిపోవడం. మా చర్చి, బ్యాండ్‌లు అనే కార్నివాల్ బృందాలు వెళ్ళే రోడ్డు మీదే ఉంది. ఆ రెండు రోజులు ఆ రోడ్డున వేలమంది నడుస్తారు. కాళ్ళు బొబ్బలెక్కిన ఆడవాళ్ళు, టాయిలెట్ కోసం వెతుక్కునేవాళ్ళు, తప్పిపోయిన పిల్లలు, ఎక్కువ తాగి కూలబడ్డ కుర్రాళ్ళు. ఏడాదంతా ఊరివాళ్ళు చర్చికి రావాలని ప్రార్థన చేస్తాం, ఊరు మొత్తం మన గుమ్మం ముందుకి వచ్చిన రోజు మనం ఊళ్ళో ఉండం.

ఇంకో విషయం. మా సంఘంలో ఒక అక్క నెలల తరబడి కార్నివాల్ బట్టలకి పూసలు, ఈకలు కుట్టి పిల్లల్ని చదివిస్తోంది. ఇంకొకాయన కొబ్బరి బోండాల బండి పెడతాడు, ఆ రెండు రోజుల అమ్మకంతో ఇంటి అప్పు కొంత తీరుతుంది. ఆదివారం పుల్పిట్ మీంచి కార్నివాల్ మొత్తం సాతాను పని అని ఒక్క మాటలో తేల్చేస్తే, ఆ అక్క దశమభాగం కవరు కానుకల పెట్టెలో ఏ మనసుతో వేస్తుంది? ఆమె దగ్గర కూర్చుని, ఆ పని ఎలా ఉంటుంది, ఏది కుట్టడానికి మనసొప్పుతుంది, ఏది ఒప్పదు అని అడిగిన కాపరికి ఆమె చాలా చెప్తుంది. మాకు చెప్పింది కూడా, అది ఇక్కడ రాసేది కాదు.

పెద్దాయనకి నా మనవి ఇది. రిపోర్టులో ఎన్ని బాప్తిస్మాలు అని అడగండి, తప్పు లేదు, దానితో పాటు ఎన్ని ఇళ్ళలో భోంచేశారు, ఎవరి ఇంట్లో చావు జరిగితే రాత్రంతా కూర్చున్నారు అని కూడా అడగండి. ఇక్కడ చావింట్లో రాత్రుళ్ళు ఊరంతా పోగవుతుంది, కాఫీ, బిస్కెట్లు, పాటలు, పేకాట కూడా, పోయినవాళ్ళ కథలు. నవంబరు 2న మన సమాధుల పండుగలాగే సమాధులు శుభ్రం చేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు. మా సంఘంలో ఇవాళ నిలకడగా ఉన్న రెండు కుటుంబాలు మాకు ప్రసంగాల్లో పరిచయమైనవాళ్ళు కారు, ఇలాంటి చోట్ల పరిచయమైనవాళ్ళు.

మన రాష్ట్రాల నుంచి ఒక కొత్త జంట ఇక్కడికి రాబోతోంది. వాళ్ళని పంపే కమిటీకి రాశాను, మొదటి ఏడాది వాళ్ళ పేరు మీద ఒక్క ప్రసంగం కూడా వెయ్యొద్దని, ముందు టొబాగోలో ఏదో ఒక ఊరి హార్వెస్ట్‌కి పంపిస్తానని. ఇంకా జవాబు రాలేదు. ఇక్కడ మా సంఘ పెద్దలతో కూడా మాట్లాడుతున్నాను. వచ్చే కార్నివాల్‌కి చర్చి గేటు తెరిచి ఉంచాలి, మంచినీళ్ళు, టాయిలెట్లు, ప్రథమ చికిత్స, తప్పిపోయిన పిల్లలకి ఒక బెంచీ, ఇద్దరు నర్సులు మా సంఘంలోనే ఉన్నారు. ముగ్గురు పెద్దలు సరేనన్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు, యువతకి తప్పుడు సంకేతం వెళ్తుందని వాళ్ళ భయం. అది కొట్టిపారేసే భయం కాదు, అందుకే వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి మళ్ళీ మాట్లాడాలనుకుంటున్నాం.